ఎవరి నేల మీద ఎవరి అక్షరాలు?

భూమిని కాన్వాసుగా వాడుకునే కళకి ముందుగా కావలసింది రంగు కాదు, ఖాళీ. గ్యాలరీ గోడల మీద విసుగుపుట్టిన అమెరికన్ కళాకారులు 1960ల చివర ఎడారిలోకి వెళ్లారు. మైఖేల్ హైజర్ 1969లో నెవాడా ఎడారిలో ఒక దిబ్బ అంచుని రెండువైపులా కోసి, సుమారు 2,40,000 టన్నుల రాయీ మట్టీ తోసేసి, మిగిలిన గాడినే శిల్పం అన్నాడు. రాబర్ట్ స్మిత్సన్ 1970లో యూటా రాష్ట్రపు ఉప్పు సరస్సులో రాళ్లతో సుడి తిరిగిన కట్ట వేశాడు. కళాచరిత్ర పుస్తకాలు వీటిని మార్కెట్ మీద తిరుగుబాటుగా చెబుతాయి. అందులో కొంత నిజం వుంది. ఎవరూ కొని ఇంటికి మోసుకుపోలేని వస్తువు చేయడం తిరుగుబాటే. అయితే ఆ తిరుగుబాటు ఎవరి నేల మీద జరిగింది అనే ప్రశ్నని ఆ పుస్తకాలు చాలాకాలం వేసుకోలేదు. ఎడారిని ఖాళీ అనుకున్నాకనే అక్కడ బుల్డోజరు కళాకారుడి చేతిలో కుంచె కాగలిగింది.

ఈ "ఖాళీ" అనే మాట మనకి కొత్తది కాదు. కొండరెడ్డి తాతల కాలం నుంచి పోడు కొట్టుకుంటున్న కొండ సర్కారు దస్త్రంలో రిజర్వు అడవి. పశువులు మేపుకునే నేల రెవెన్యూ లెక్కలో బంజరు. దళితవాడ పక్కన శ్మశానం పోరంబోకు. అక్కడ మనుషులు లేక కాదు, ఆ మనుషుల్ని లెక్కించే గడి ఆ దస్త్రంలో లేక అది ఖాళీ అయింది. అందుకే రంపచోడవరం వైపు నుంచి నిలబడి కాలిఫోర్నియా ఎడారిలోని ఒక కళా ప్రదర్శన గురించి మాట్లాడటం దూరపు ముచ్చట కాదు. అక్కడ ఇసుక మీద లేచిన ప్రశ్న ఇక్కడ కొండ మీద వందేళ్లకు పైగా నిలబడే వుంది.

1. ఎడారిలో రెండు మాటలు

కాలిఫోర్నియా రాష్ట్రంలో కోచెల్లా లోయ అనే ఎడారి ప్రాంతం వుంది. పామ్ స్ప్రింగ్స్ అక్కడి పేరున్న పట్టణం. సినిమావాళ్లు, డబ్బున్నవాళ్లు చలికాలం గడపటానికి వచ్చే చోటు. 2017 నుంచి రెండేళ్లకోసారి ఆ లోయలో 'డెజర్ట్ ఎక్స్' పేరుతో బహిరంగ కళా ప్రదర్శన జరుగుతోంది. టిక్కెట్ లేదు, గోడలు లేవు. మ్యాపు పట్టుకుని కారులో తిరుగుతూ ఒక్కో కళాఖండాన్ని వెతుక్కోవాలి. అంటే టిక్కెట్ లేకపోయినా కారు వుండాలి. మొదటి ప్రదర్శనలో ఎక్కువ పేరొచ్చింది డగ్ ఎయిట్‌కెన్ చేసిన 'మిరాజ్' అనే ఇంటికి. పల్లెటూరి తరహా ఒంటి అంతస్తు ఇల్లు, లోపలా బయటా అంతా అద్దాలు. ఎడారి అందులో ప్రతిబింబిస్తుంది. చూడటానికి బాగుంటుంది. కానీ అందులో చూసేవాడికి కనిపించేది ఆకాశం, ఇసుక, తన మొహం. ఆ నేల మీద మొదట బతికిన కహుయిల్లా ప్రజలు ఏ అద్దంలోనూ కనిపించరు.

2021 మార్చి నుంచి మే దాకా జరిగిన ప్రదర్శనలో ఈ మౌనాన్ని పగలగొట్టినవాడు నికొలస్ గలానిన్. అలాస్కాలోని సిట్కాకి చెందిన మనిషి. ట్లింగిట్, ఉనంగాఖ్ మూలవాసి జాతుల బిడ్డ. ఆయన చేసింది చాలా చిన్న పని. పట్టణం మొదట్లో సందర్శకుల కేంద్రం దగ్గర, కొండల ముందు, 45 అడుగుల ఎత్తున తెల్లటి అక్షరాలతో "ఇండియన్ ల్యాండ్" అని నిలబెట్టాడు. ఆ పనికి 'నెవర్ ఫర్గెట్', అంటే ఎన్నడూ మరిచిపోవద్దు, అని పేరు పెట్టాడు.

అక్షరాల తీరు అందరికీ తెలిసినదే. లాస్ ఏంజిల్స్ కొండ మీది హాలీవుడ్ బోర్డు తీరు. ఆ బోర్డు 1923లో పెట్టినప్పుడు దాని మీద వున్న మాట "హాలీవుడ్‌ల్యాండ్". అది సినిమా బోర్డు కాదు, ఇళ్ల స్థలాల బోర్డు. తెల్లవాళ్లకి మాత్రమే అమ్మిన రియల్ ఎస్టేట్ వెంచరుకి ప్రకటన. 1949లో చివరి నాలుగు అక్షరాలు, అంటే "ల్యాండ్", తీసేశారు. మిగిలిన మాట ప్రపంచానికి కలల చిహ్నం అయిపోయింది. గలానిన్ తీసేసిన ఆ నాలుగు అక్షరాల్నే మళ్లీ తెచ్చి నిలబెట్టాడు. నేల అనే మాటని చెరిపేశాకనే కల మొదలైంది కాబట్టి, కలని ఆపాలంటే నేల అనే మాటని తిరిగి రాయాలి. ఈ ఒక్క ఎత్తుగడలో నూరేళ్ల స్థలాల వ్యాపారం బయటపడింది.

ఆయన అక్కడితో ఆగలేదు. ఈ బొమ్మతో పాటు మూలవాసుల భూమిని తిరిగి కొని కాపాడే సంస్థకి విరాళాలివ్వమని పిలుపిచ్చాడు. ప్రేక్షకుడిని ఫోటో తీసుకుని పొమ్మనలేదు, నేల తిరిగివ్వమన్నాడు. మన భాషలో చెప్పాలంటే సానుభూతి అడగలేదు, లెక్క అడిగాడు.

2. అదే బోర్డు మన కొండ మీద పెడితే

ఇప్పుడు ఆ రెండు మాటల్నే తీసుకొచ్చి భూపతిపాలెం రిజర్వాయరు పైన కొండ మీద పెట్టామనుకుందాం. "ఇండియన్ ల్యాండ్". అర్థం పూర్తిగా తిరగబడిపోతుంది. అక్కడ ఇండియన్ అంటే తోలివేయబడ్డ మూలవాసి. ఇక్కడ ఇండియన్ అంటే దేశం. అక్కడ ఆ మాట ప్రభుత్వాన్ని నిలదీస్తుంది, ఇక్కడ అదే మాట ప్రభుత్వం నోటి నుంచి వస్తుంది. "దేశం కోసం" అనే మాటతోనే 2014 విభజన చట్టంలో పోలవరం జాతీయ ప్రాజెక్టు అయింది. దేశం కోసమే భద్రాచలం వైపు ముంపు మండలాల్ని తెలంగాణ నుంచి తెచ్చి ఆంధ్రలో కలిపారు. 150 అడుగుల నీటిమట్టానికి ఆనకట్ట నిలబడితే సుమారు లక్ష కుటుంబాలు కదలాలి. ఆ కుటుంబాల్లో కోయలూ కొండరెడ్లూ పెద్ద భాగం, దళితులూ చెప్పుకోదగ్గ భాగం.

అందుకే ఒక కళాఖండాన్ని ఎత్తుకొచ్చి మన మీద పెట్టుకుంటే సరిపోదని చెప్పాల్సి వస్తుంది. దిగుమతి చేసుకోవాల్సింది బోర్డుని కాదు, ఆ బోర్డు అడిగిన ప్రశ్నని. ఆ ప్రశ్న ఏమిటంటే, నేల పేరు రాసే హక్కు ఎవరిది?

రంప ప్రాంతంలో ఈ హక్కు చరిత్ర అంతా పోరాటమే. 1879లో కల్లు గీసుకోవడం మీద పన్ను, మన్సబుదారు దోపిడీ భరించలేక తమ్మన్నదొర లాంటి వాళ్ల నాయకత్వంలో చోడవరం చుట్టుపక్కల తిరుగుబాటు లేచింది. 1922లో రోడ్డు పనికి వెట్టి చేయించిన గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ మీద కోపం, పోడు మీద అటవీశాఖ ఆంక్షలు కలిసి రెండో తిరుగుబాటు అయ్యాయి. ఆ ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా దాడులు జరిగాయి. ఈ రెండిటి మధ్యా 1917లో ఏజెన్సీ భూబదలాయింపు చట్టం వచ్చింది. చట్టం దయతో రాలేదు, భయంతో వచ్చింది.

3. సెక్షన్ 14: చిత్రంలో కనిపించని మూడో మనిషి

గలానిన్ అక్షరాలు చెప్పకుండా వదిలేసిన సంగతి ఒకటి వుంది. దళిత విమర్శకి ముఖ్యమైన సంగతి అదే.

పామ్ స్ప్రింగ్స్ పట్టణపు నేల చదరంగపు బల్లలాగా వుంటుంది. 19వ శతాబ్దంలో అమెరికా ప్రభుత్వం రైలుమార్గం కోసం భూమిని చదరపు మైలు గడులుగా కోసి బేసి గడులు సదరన్ పసిఫిక్ రైల్వేకీ, సరి గడులు అగువ కాలియంటే కహుయిల్లా తెగకీ పంచింది. ఆ సరి గడుల్లో ఒకటి సెక్షన్ 14. ఒక చదరపు మైలు. వేడినీటి బుగ్గ వున్న చోటు, సరిగ్గా పట్టణం నడిబొడ్డు.

పట్టణంలో హోటళ్లు కట్టినవాళ్లు, గదులు ఊడ్చినవాళ్లు, తోటపని చేసినవాళ్లు నల్లవాళ్లూ మెక్సికన్ సంతతివాళ్లూ. తెల్లవాళ్ల పేటల్లో వాళ్లకి ఇల్లు దొరకదు. కాబట్టి సెక్షన్ 14లో మూలవాసుల దగ్గర కొద్దిపాటి స్థలం అద్దెకి తీసుకుని గుడిసెలూ చిన్న ఇళ్లూ వేసుకున్నారు. మూలవాసుల భూమిని ఎక్కువకాలం లీజుకివ్వటానికి చట్టం వొప్పుకోని రోజులవి. అందువల్ల పెద్ద పెట్టుబడి రాలేదు, పేదవాడు తల దాచుకోగలిగాడు. 1959లో 99 ఏళ్ల లీజుకి చట్టం దారి తెరిచింది. దాంతో ఆ నేల బంగారం అయింది. ఆ తర్వాత ఏం జరిగిందో మనకి చెప్పక్కర్లేదు.

రెండు పనులు ఒకేసారి జరిగాయి. మూలవాసులకి ఆస్తి చూసుకునే తెలివి లేదని కోర్టు వాళ్ల మీద సంరక్షకుల్ని పెట్టింది. ఆ సంరక్షకులు ఎవరయ్యా అంటే ఆ పట్టణం వకీళ్లూ వ్యాపారులూ. వాళ్లు తీసుకున్న రుసుములు, చేసిన మోసాలు బయటపెట్టిన స్థానిక పత్రికకి 1968లో పులిట్జర్ బహుమతి వచ్చింది. రెండో పని, అద్దెకున్న నల్లవాళ్ల ఇళ్లని ఖాళీ చేయించి పడగొట్టి తగలబెట్టడం. తగలబెట్టినవాళ్లలో నిప్పు ఆర్పాల్సిన అగ్నిమాపక దళం కూడా వుంది. 1968లో రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం నివేదిక దీన్ని నగరపాలనే పథకం వేసి చేసిన హోలోకాస్టుగా వర్ణించింది. 2021లో నగరం క్షమాపణ చెప్పింది. 2024 నవంబరులో బాధితులకి 59 లక్షల డాలర్ల పరిహారానికి వొప్పుకుంది. అంటే ఇల్లు తగలబడిన పిల్ల ముసలిదయ్యాక చెక్కు వచ్చింది.

ఇక్కడ మనం గమనించాల్సింది ఏమిటి? మూలవాసికి "సంరక్షకుడు", నల్లవాడికి బుల్డోజరు. రెండూ పంపింది ఒక్క పట్టణమే. భూమి వున్నవాడి చేతిలోంచి పెత్తనం లాక్కుంది, భూమి లేనివాడి నెత్తిమీది కప్పు లాక్కుంది. తర్వాత ఇద్దరి మధ్యా తగువు మిగిల్చింది: "నీ ఇల్లు పడగొట్టింది ఆ ఇండియన్ల భూమి కోసమే కదా" అని ఇతనితో, "నీ భూమిలో కూర్చున్నది ఆ నల్లవాళ్లే కదా" అని అతనితో. "ఇండియన్ ల్యాండ్" అన్న రెండు మాటలు సత్యమే. కానీ ఆ సత్యం ఒక్కటే చెబితే సెక్షన్ 14లో కాలిపోయిన ఇంటిది ఏ నేల అన్న ప్రశ్నకి అందులో జాగా లేదు.

ఈ లోటుని 2023 ప్రదర్శనలో కొంత పూడ్చినవాడు జెరాల్డ్ క్లార్క్. ఆయన కహుయిల్లా మనిషి, విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే కళాకారుడు. ఆయన 'ఇమ్మర్షన్' అనే పని కహుయిల్లా బుట్ట అల్లిక ఆకారంలో నేల మీద పరిచిన పెద్ద ఆటబల్ల. ఆడేవాళ్లు కహుయిల్లా చరిత్ర మీద ప్రశ్నలకి జవాబు చెబితేనే ముందుకి నడవాలి. తెలియకపోతే నడిమధ్యకి చేరలేరు. దాన్ని పెట్టిన చోటు డెజర్ట్ హైల్యాండ్ అనే పేటలోని సామాజిక కేంద్రం. సెక్షన్ 14 నుంచి తరిమేసిన నల్ల కుటుంబాలు చాలావరకు చేరుకున్న పేట అది. గలానిన్ పని రోడ్డు మీద పోయేవాడికి దూరం నుంచి అరిచి చెబితే, క్లార్క్ పని ఆ పేట పిల్లల కాళ్ల కింద పరుచుకుంది. ఫోటోలో మొదటిది గొప్పగా వుంటుంది. రాజకీయంగా రెండోది ముందుకెళ్లిందని నా అభిప్రాయం. ఎందుకంటే నేల పోయిన ఇద్దరు మనుషుల్ని అది ఒకచోట నిలబెట్టింది.

4. "గిరిజనేతరుడు" అనే ముసుగు

ఈ తగువు రంపచోడవరంలో ఏ రూపంలో వుందో చూద్దాం. 1959 భూబదలాయింపు నిబంధనల్ని 1970లో సవరించారు. జనం నోట్లో అది "వన్ ఆఫ్ సెవెంటీ". షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనుడికి తప్ప మరొకరికి బదలాయించకూడదు. గిరిజనేతరుడి చేతిలో వున్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం మొదట అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. 1988లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. 1997లో సమత కేసులో ప్రభుత్వం కూడా గిరిజనేతర వ్యక్తి కిందే లెక్క, ప్రైవేటు గనుల కంపెనీలకి లీజులివ్వడానికి వీల్లేదని తేల్చింది. ఇలాంటి చట్టం దేశంలో ఆదివాసులకి దొరకడం అరుదు. దీన్ని కాపాడుకోవాల్సిందే. ఈ మాట ముందే చెప్పి, తర్వాత మాట చెబుతున్నాను.

"గిరిజనేతరుడు" అనే ఒక్క మాట కింద చట్టం ఇద్దరు మనుషుల్ని పెట్టింది. ఒకడు మైదానం నుంచి అప్పులిచ్చి, బినామీ పేర్లు పెట్టి, పట్టాలు తిప్పి, పల్లపు భూములు చేజిక్కించుకున్న భూస్వామి. రెండోవాడు అదే భూస్వామి వెనక కూలికొచ్చి, మన్యంలో గుడిసె వేసుకుని, తరాలు గడిచినా సెంటు భూమి లేని మాల, మాదిగ మనిషి. కులం తీసేసి చూస్తే ఇద్దరూ గిరిజనేతరులే. కులం పెట్టి చూస్తే ఒకడు దోచుకున్నవాడు, ఒకడు దోచుకోబడ్డవాడు. చట్టం కులాన్ని చూడలేదు. చట్టాన్ని సడలించమనే పెద్దలు మాత్రం కులాన్ని బాగానే చూస్తారు. "పాపం, ఏజెన్సీలో దళితులకి ఇంటి స్థలానికి కూడా దిక్కు లేదు" అని ముందు మనల్ని చూపిస్తారు. మన భుజం మీద తుపాకీ పెట్టి ఆదివాసి భూమిని కాలుస్తారు. సడలిస్తే వచ్చే లాభం ఎవరికి? సెంటు భూమి లేనివాడు వెయ్యి ఎకరాల మార్కెట్లో కొనేవాడా? 1959లో పామ్ స్ప్రింగ్స్‌లో లీజు తెరిచినప్పుడు నల్లవాడికి ఏం దక్కిందో చూశాం కదా.

కాబట్టి దళిత మేధావులు చేయాల్సిన వాదన చట్టం సడలించమని కాదు. ఏజెన్సీలో వుంటున్న భూమిలేని దళితుడికి ఇంటిచోటు, పునరావాసంలో సమాన వాటా, బతుకుదెరువు హామీ ఆదివాసి భూమిని ముట్టకుండా ఇవ్వమని. ముంపు కాలనీల్లో ఈ ప్రశ్న ఇప్పుడే నిప్పులా వుంది. పరిహారం పట్టికలో భూమి వున్నవాడికి ఒక గడి వుంది, ఇల్లున్నవాడికి ఒక గడి వుంది. ఆ ఊళ్లో కూలి మీదే బతికినవాడు ఊరితో పాటు ఆ కూలినీ పోగొట్టుకుంటాడు. దాన్ని ఏ గడిలో రాస్తారు?

మన ఆలోచనలో వున్న ఒక పాత బరువుని కూడా ఇక్కడ దించుకోవాలి. అంబేడ్కర్ 1945లో మతపరమైన ప్రతిష్టంభన మీద చేసిన ప్రసంగంలో ఆదివాసుల్ని తన ప్రాతినిధ్య పథకం నుంచి పక్కన పెట్టాడు. వాళ్లకింకా రాజకీయ చైతన్యం రాలేదన్నాడు. గూడెం రంప తిరుగుబాటు అప్పటికి ఇరవై ఏళ్ల కిందటి మాట. రాజకీయ చైతన్యం లేనివాళ్లు సర్కారు తుపాకుల్ని లెక్కపెట్టి చీటీ రాసి మరీ తీసుకెళతారా? అంబేడ్కర్ మన దారి చూపినవాడు కాబట్టే ఈ మాట మనమే చెప్పాలి. మనం చెప్పకపోతే మనకి గిట్టనివాళ్లు చెబుతారు, వేరే ఉద్దేశంతో చెబుతారు.

5. విగ్రహం, పేరు, నీడ

మన దగ్గర బహిరంగ కళ లేదనుకోవడం పొరపాటు. మన బహిరంగ కళ విగ్రహం. దళితవాడ మొగదల నీలం కోటు తొడుక్కుని వేలు చూపిస్తూ నిలబడ్డ అంబేడ్కర్ విగ్రహం ఈ దేశంలో జరుగుతున్న అతి పెద్ద బహిరంగ ప్రదర్శన. దానికి క్యూరేటర్ లేడు, చందాలే వున్నాయి. కొలతలు తప్పాయనీ, మొహం కుదరలేదనీ కళాపండితులు నవ్వొచ్చు. వాళ్లు చూడనిది ఏమిటంటే, ఆ విగ్రహం నిలబడ్డ నాలుగడుగుల చోటు ఆ వాడ మొత్తం పోరాడి తీసుకున్న చోటు. అది శిల్పం కంటే ముందు సరిహద్దు రాయి.

పేరు కూడా అలాంటిదే. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. మన్యం జిల్లాకి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు, ఎవరూ కాదనలేదు. అదే రోజు పుట్టిన కోనసీమ జిల్లాకి అంబేడ్కర్ పేరు పెడతామన్నాక మే 24న అమలాపురం తగలబడింది. మంత్రి ఇల్లు, శాసనసభ్యుడి ఇల్లు కాల్చారు. పక్కపక్క సీమలు, ఒకే ఏడాది, రెండు పేర్లు. ఒకటి కాగితం మీద సాఫీగా జరిగిపోయింది, ఒకటి నిప్పంటించింది. నేల మీద అక్షరం రాయడం ఉత్త అలంకారం అనుకునేవాళ్లు అమలాపురం గుర్తు చేసుకోవాలి.

సాఫీగా జరిగిపోయిన పేరులో కూడా ప్రశ్న వుంది. 2022 జులై 4న భీమవరంలో 30 అడుగుల అల్లూరి కంచు విగ్రహాన్ని ప్రధానమంత్రి ఆవిష్కరించారు. అల్లూరి త్యాగాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1924 మేలో ఆయన ప్రాణమిచ్చాడు. కానీ ఆ పోరాటాన్ని భుజాన మోసిన గాం గంటందొర, గాం మల్లుదొర ఏ ఎత్తులో వున్నారు? మల్లుదొర జైలు జీవితం గడిపి 1952లో తొలి లోక్‌సభకి ఎన్నికైన మనిషి. మన పాఠ్యపుస్తకంలో ఆయన ఎన్ని వాక్యాలు? 2022లోనే వచ్చిన 'ఆర్.ఆర్.ఆర్.' సినిమా ముగింపులో ఆదివాసి భీముడు క్షత్రియ రాముడిని చదువు అడుగుతాడు. రాముడు జల్, జంగల్, జమీన్ అని రాసిస్తాడు. భీముడి ఉద్యమానికి గుర్తుగా నిలిచిన నినాదం భీముడికే అక్షరభిక్ష అయింది! నేల ఆదివాసిది, అక్షరం అగ్రకులానిది అనే పాత పంపకాన్ని ఇంత ఖర్చుతో మళ్లీ తీశారు. మారేడుమిల్లి అడవి 'పుష్ప'లో ఎర్రచందనం శేషాచలంగా నటించింది. ఆ అడవిలో వుండే కొండరెడ్డి మాత్రం తెరమీద లేడు. అద్దాల ఇంట్లో కహుయిల్లా మనిషి కనబడనట్టే.

ఇక 2025 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం రంపచోడవరం కేంద్రంగా కొత్త జిల్లా ప్రతిపాదించింది. పాడేరు దాకా పడే తిప్పలు చూస్తే కేంద్రం దగ్గరికి రావడం న్యాయమే. దానికి ఎంచుకున్న పేరు పోలవరం. పోలవరం ఊరు ఆ జిల్లా పటంలో లేదు, అది ఏలూరు జిల్లాలో వుంది. ఆ పటంలో వున్నది పోలవరం ముంపు. ముంచినదాని పేరే మునిగినవాళ్ల చిరునామా అయింది. గలానిన్ అంత వెటకారం ఊహించి వుండడు.

గలానిన్ 2020లో సిడ్నీ బినాలేలో మరో పని చేశాడు. కెప్టెన్ కుక్ విగ్రహం నీడ నేల మీద పడితే ఏ ఆకారం వస్తుందో ఆ ఆకారంలో గొయ్యి తవ్వాడు. విగ్రహాన్ని ముట్టుకోలేదు, దానికి సమాధి సిద్ధం చేశాడు. పామ్ స్ప్రింగ్స్‌లో సెక్షన్ 14 కాలంలో మేయరుగా వున్న ఫ్రాంక్ బోగర్ట్ గుర్రం మీది విగ్రహాన్ని 2022 జులైలో నగర కార్యాలయం ముందు నుంచి తీసేశారు. అదే నెలలో ఇక్కడ మనం కొత్త విగ్రహాలు నిలబెడుతున్నాం. తీసేయడమే గొప్ప, పెట్టడం తప్పు అని కాదు. ఏ విగ్రహం నీడ ఎవరి ఇంటి మీద పడుతోంది అని చూడటం విమర్శకుడి పని.

6. ఎడారి డబ్బు

గలానిన్ పనిని మెచ్చుకున్నంత మాత్రాన ఆ ప్రదర్శనకి కితాబివ్వక్కర్లేదు. అదే సంస్థ 2020 జనవరిలో సౌదీ అరేబియాలోని అల్ ఉలా ఎడారిలో అక్కడి రాయల్ కమిషన్‌తో కలిసి ప్రదర్శన పెట్టింది. పాత్రికేయుడు జమాల్ ఖషోగ్జీ హత్య జరిగి అప్పటికి ఏడాది చిల్లర. సంస్థ బోర్డులో వున్న చిత్రకారుడు ఎడ్ రుషే, మరో ఇద్దరు 2019లోనే రాజీనామా చేశారు. సంస్థ మాత్రం కళ సరిహద్దులు దాటుతుందనే ధోరణిలో ముందుకు పోయింది. కళ దాటుతుంది నిజమే. మనుషులు దాటటమే కష్టం. గోదావరి జిల్లాల నుంచి గల్ఫుకి ఇంటిపనికి పోయిన వేలమంది ఆడవాళ్లలో దళిత స్త్రీలు ఎంతమందో మన వాడల్లో ఇంటింటికీ తెలుసు. పాస్‌పోర్టు యజమాని బీరువాలో పెట్టి తాళం వేస్తే వాళ్లకి ఎడారి బహిరంగ ప్రదేశం కాదు, నాలుగు గోడల వంటిల్లు. అదే ఎడారి కళాకారుడికి అనంతమైన ఆకాశం. ఎడారి అందరికీ ఒకటి కాదని చెప్పటానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

ఇలాంటి సంస్థ నీడలో ధిక్కార కళ నిలబడగలదా అంటే, నిలబడుతుంది, కొద్దికాలం. "ఇండియన్ ల్యాండ్" అక్షరాలు ప్రదర్శన కోసం లేచినవి, గడువుకి కట్టుబడినవి. 1923 నాటి స్థలాల బోర్డు మాత్రం, పేరు కుదించుకుని, నూరేళ్లు దాటినా కొండ మీదే వుంది. ధిక్కారానికి గడువు, వ్యాపారానికి శాశ్వతం. ఇది గలానిన్ లోపం కాదు. ధిక్కారాన్ని కూడా ఒక ఋతువు ప్రదర్శనగా మార్చుకోగల వ్యవస్థ బలం అది. మన దగ్గర అరకు ఉత్సవాల వేదిక మీద థింసా ఆడించి, తెల్లారి అదే ఊరి పోడు పట్టా దరఖాస్తుని పక్కన పెట్టగలిగే బలం కూడా అదే.

7. రాళ్లు

కోయలు చనిపోయినవాళ్ల పేరున రాళ్లు నిలబెడతారు. చెక్కడం వుండదు, సంతకం వుండదు, పేరు రాయరు. ఆ రాయి ఎవరిదో ఊరికి తెలుసు. కళాచరిత్రకారుడు దాన్ని పురావస్తువు అంటాడు, సర్వేయరు దాన్ని అడ్డం అంటాడు. నా దృష్టిలో భూమి మీద కళ అంటే అది. భూమిని ఖాళీ అనుకోకుండా, అక్కడ మనుషులు వున్నారు, చచ్చిపోయాక కూడా వున్నారు అని చెప్పే కళ. దానికి కొండని కోయక్కర్లేదు, 45 అడుగులు లేవక్కర్లేదు. అమ్మడానికి వీల్లేని వస్తువు చేశామని అమెరికన్ కళాకారులు 1970లో చెప్పుకున్నారే, ఆ పని ఈ మన్యంలో ఎప్పటినుంచో జరుగుతోంది.

ముంపులో ఇంటికి లెక్క కడతారు, చెట్టుకి లెక్క కడతారు. నిలువురాయికి ఏ లెక్క కడతారు? దళితవాడ శ్మశానం పోరంబోకుకి ఏ లెక్క కడతారు? ఈ రెండు ప్రశ్నలూ ఒకే కాగితం మీద, ఒకే సంతకాల వరుసతో పోవాలి. కోయ రాయి పక్కన మాలపల్లె సమాధి, కొండరెడ్డి పోడు పక్కన భూమిలేని మాదిగ కూలీ దరఖాస్తు. పామ్ స్ప్రింగ్స్‌లో ఆ ఇద్దర్నీ విడదీసి నేల లాక్కోవడానికి పదేళ్లు పట్టలేదు, ఒక పేటలో కలిపి నిలబెట్టడానికి అరవై ఏళ్లు పట్టింది. మనకి అంత వ్యవధి లేదు, నీళ్లు ఇప్పటికే దేవీపట్నం ఇళ్లలోకి వచ్చాయి.